మిగిలిన ఇల్లు

పాయం ముత్తవ్వను ఎవరేమి అడిగినా నోటితో జవాబు చెప్పదు. చేతికి ఏదో ఒక పని ఒప్పజెబుతుంది. ఆమె దగ్గర కోయ పాటలు నేర్చుకుంటున్న సోడె సారక్కకు ఈ సంగతి తెలియంది కాదు. అయినా భూమి పండుగ ముందురోజు ఉండబట్టలేక అడిగింది.

"అవ్వా, పుండు మానినాక పండుగ చెయ్యాల్నా? పండుగ చేస్తే పుండు మానుతదా?"

మోదుగాకుల దొప్పలు కుడుతున్న ముత్తవ్వ తలెత్తలేదు. "రేపు నా పక్కన నిలబడి పాడు" అంది.

సారక్క అడిగింది ఊరి పుండు గురించి, తన ఇంటి పుండు గురించి. వాళ్ల పాత ఊరు ఏటి ఒడ్డున ఉండేది. ఆనకట్ట నీళ్లు ముంచేస్తాయన్నప్పుడు, ఎవరూ కదలొద్దని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాట మొదట తప్పినవాడు పొడియం సింగయ్య. ఒకనాటి తెల్లవారుజామున పెళ్లాన్నీ కొడుకునూ ట్రాక్టరెక్కించి వెళ్లిపోయాడు. అతని వెనక ఒక్కో ఇల్లూ జారింది. ఆఖరిదాకా ఉన్నది సారక్క తండ్రి దారయ్య. నీళ్లు గడప తాకాక, జ్వరంతో కాలిపోతున్న తల్లిని పడవలో వేసుకుని బయల్దేరాడు. ఆమె ప్రాణంతో ఒడ్డు చేరలేదు. ఆ తర్వాత పునరావాస కాలనీలో అందరికీ వరసగా సిమెంటు ఇళ్లొచ్చాయి గాని, సింగయ్య ఇంటికి మాత్రం నిప్పు ఇచ్చినవాళ్లు లేరు, నీళ్లు పోసినవాళ్లు లేరు. అతను పోయిననాడు పాడె మొయ్యడానికి ఊళ్లోంచి ఒక్క భుజం కదల్లేదు.

ఊరు మునిగాక మానేసిన భూమి పండుగను ఈ ఏడు కుర్రకారు పట్టుబట్టి మళ్లీ ఎత్తుకున్నారు. పూజారితనం దారయ్య వంశానిది కనక విత్తనాల గంప అతని చేతికొచ్చింది. ప్రతి ఇల్లూ ఒక దొప్పెడు విత్తనాలు తెచ్చి ఆ గంపలో పోయాలి. అన్నీ కలిపి ఇంటింటికీ పంచుతారు. ఆ గింజలు పడ్డాకే ఎవరి చేలోనైనా దుక్కి. ఇళ్లన్నీ వచ్చేదాకా ఆడవాళ్లు ఒకే చరణం తిప్పి తిప్పి పాడాలి: "ఇంకే ఇల్లు మిగిలింది తల్లీ, ఇంకే దోసిలి రావాలి?"

పొద్దున పండుగ నవ్వులతోనే మొదలైంది. సామలు, జొన్నలు, కందులు గంపలో పడుతున్నాయి. డోలు మోగుతోంది. అందరూ పోశారనుకున్నాక, ఆడవాళ్ల వరస పక్కకు చీలింది. సింగయ్య భార్య ఇరమ్మ దొప్ప పట్టుకుని నడిచొస్తోంది. ఆమె వెనక కొడుకు భీముడు, భుజాన గొడ్డలితో.

దారయ్య గంపను ఆమెకు అందకుండా నెత్తిమీదికి ఎత్తేశాడు.

డోలు ఆగిపోయింది. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు కర్రలు అందుకున్నారు. భీముడి గొడ్డలి భుజం దిగి చేతిలోకొచ్చింది. సారక్కకు ఒక్కటే తోచింది: ఈ చరణం వదిలేసి తరవాతిది ఎత్తుకుంటే ఇళ్లన్నీ వచ్చేసినట్టే, గొడవ ఉండదు. ఆమె నోరు తెరవబోయింది. ముత్తవ్వ ఆమె మణికట్టు గట్టిగా నొక్కి పట్టుకుని, పాత చరణమే మళ్లీ అందుకుంది.

"ఇంకే ఇల్లు మిగిలింది తల్లీ?"

ఒక్కొక్క గొంతే తగ్గిపోయింది. కాసేపటికి పాడుతున్నది వాళ్లిద్దరే. ఉన్నట్టుండి ముత్తవ్వ కూడా ఆపేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. ఊరి మధ్యలో, తండ్రి మొహంలోకి చూస్తూ, సారక్క ఒక్కతే మిగిలింది.

"ఆపు బిడ్డా!" అన్నాడు దారయ్య.

ఆమె ఆపలేదు. శ్రుతి తప్పింది, మాట మాత్రం తప్పలేదు. ఇంకే దోసిలి రావాలి?

ఇరమ్మ నోరు విప్పింది. "మేం ముందుగాల పోయినం దారయ్యా. భయపడి పోయినం. కాదనను. దానికి నా మొగుని పాడె నా కొడుకూ నా తమ్ముడూ ఇద్దరే మోసిండ్రు. దారి పొడుగునా దించుతా, ఎత్తుతా. ఇంకేం కావాలె నీకు?"

"మా అవ్వ పడవల 'చలి, చలి' అన్నది" అన్నాడు దారయ్య. "కప్పనీకి పొడిగుడ్డ లేకపాయె. నా చెయ్యే కప్పిన." తల్లి చావు గురించి అతను ఎవరి ముందూ నోరెత్తడం అదే మొదలు. కూతురు కూడా ఈ మాట ఇప్పుడే వింటోంది. పాట ఎక్కడ ఆగిందో ఆమెకే తెలియలేదు.

అతను గంప దించాడు. ఇరమ్మ చేతికి కాదు. నేలమీద పెట్టి, మొహం అవతలికి తిప్పుకుని నిలబడ్డాడు. ఇరమ్మ వంగి దొప్పలోని గింజలు పోసింది. భీముడు గొడ్డలి మళ్లీ భుజాన వేసుకున్నాడు. నలుగురైదుగురు విసవిసా వెళ్లిపోయారు.

పంపకాలు జరుగుతుండగా సారక్క ముత్తవ్వ పక్కన కూలబడింది. కళ్లు ఇంకా ఆరలేదు.

"మానలే గదా అవ్వా. నాయన ఆమె దిక్కు సూడనన్నా సూడలే."

ముత్తవ్వ గంపలోంచి దోసెడు విత్తనాలు తీసి ఆమె కొంగులో పోసింది.

"మీ ఇంటి వాటా. ఇరమ్మ గింజలు వద్దనుకుంటే, ఏరి పారెయ్యమను మీ నాయన్ని."