గడప దగ్గర గంజి

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, కునుకు తీసేవాళ్ళు గోడకి ఆనుకోండి. మధ్యలో ఎవరైనా కిసుక్కున నవ్వారో, కథ అక్కడే ఆపేస్తాను. ముందే చెబుతున్నా.

అనగనగా, జనానికి ఎద్దుబళ్ళు తప్ప ఇంకోటి తెలీని కాలంలో, ఒక ఏటి రేవు దగ్గర పూటకూళ్ళ ఇల్లుండేది. దాని యజమానురాలు బంగారమ్మ. బళ్ళవాళ్ళు, పడవవాళ్ళు, సంతకెళ్ళేవాళ్ళు అందరికీ అక్కడే భోజనం. సింహాద్రి వండేవాడు. పైడయ్య కావిడితో నీళ్ళు మోసేవాడు. నూకాలు వడ్డించేది.

నూకాలు నోట్లో నాలుక లేని మనిషి. అడక్కుండానే ఇంకో గరిటె వేసి పోయేది. తిన్నవాళ్ళకి ఆ చెయ్యి గుర్తుండేది గానీ, మొహం గుర్తుండేది కాదు.

ఒక సంత రోజు పొద్దున్నే సింహాద్రి పెద్ద గుండిగతో అన్నం వార్చాడు. వంటింటి గడప దగ్గర గంజి ఒలికింది. తుడుద్దామనుకునేలోపు పొయ్యి మీద పప్పు పొంగింది. అటు పరిగెత్తాడు, ఇది మర్చిపోయాడు. గంజి సంగతి మీకు తెలుసుగా! పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, కాలు పెడితే జర్రున జారుతుంది.

ముందు పైడయ్య వచ్చాడు. ఖాళీ కావిడితో సహా చతికిలబడ్డాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఎవరూ చూడలేదు. దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత సింహాద్రి వచ్చాడు. తను ఒలికించిన గంజిలో తనే పడ్డాడు, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఇటు చూశాడు, అటు చూశాడు. ఎవరూ చూడలేదు. దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత సాక్షాత్తూ బంగారమ్మే. దబ్బున పడింది, నడుం పట్టేసింది. ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ చూడలేదు. చీర సర్దుకుని వెళ్ళిపోయింది. యజమానురాలు పడిందని తెలిస్తే పరువేం కాను?

ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, "ఇక్కడ జారుతోందర్రా" అని ఓ కేకేస్తే సరిపోయేది. సిగ్గట సిగ్గు! తగలెయ్యనా ఆ సిగ్గుని!

మధ్యాహ్నం భోజనాల బంతి కూర్చుంది. గడప అవతలే పిల్లాపాపలతో జనం. సలసల కాగే పులుసు గిన్నె ఎత్తుకుని నూకాలు వచ్చింది. గడప దగ్గర కాలు జారింది. గిన్నె ముందుకు పోతే బంతిలో పిల్లల మీద పడేది. నూకాలు దాన్ని తన వైపే లాక్కుంది. పులుసంతా ఒంటి మీద పోసుకుని వెల్లకిలా పడిపోయింది.

సంగతి తెలియక బంతిలో ఎవడో పకపకా నవ్వాడు. వాడి నోరు పడిపోను! ఇక బంగారమ్మ ఏమందో తెలుసా?

"కళ్ళు నెత్తికెక్కాయిటే?" అంది. పొద్దున తను పడ్డదీ అక్కడే మరి!

"నాదే తప్పమ్మా. చూసుకోలేదు" అంది నూకాలు.

పైడయ్య తలొంచుకున్నాడు. సింహాద్రి తలొంచుకున్నాడు. బంగారమ్మ మొహం తిప్పుకుంది. 

వైద్యుణ్ణి పిలిపించారు, పసరు పోశారు, వెన్న రాశారు. ఎవరు పలకరించినా నూకాలుది ఒకటే మాట: "నాదే తప్పు." బంగారమ్మ మంచం పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరేది. నిజం చెబుదామని నోరు తెరిచేది. రేపు చెబుదాంలే అనుకునేది. ఆ రేపు రాకముందే నూకాలు కన్నుమూసింది.

పెద్దకర్మ భోజనాల దగ్గర బంగారమ్మకి ముద్ద దిగలేదు. భోరుమంది.

"నేనూ అక్కడే పడ్డానర్రా, ఆ పొద్దున్నే. సిగ్గేసి చెప్పలేదు."

"నేనూ పడ్డానమ్మా" అన్నాడు సింహాద్రి. "గంజి ఒలకబోసిందీ నేనే."

"అందరికంటే ముందు పడ్డది నేను" అన్నాడు పైడయ్య.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభం? వినాల్సిన మనిషి లేదు. తప్పు తనదేననుకుంటూ వెళ్ళిపోయింది పిచ్చిది.

అప్పట్నుంచి ఆ రేవులో, ఆ దారి పొడుగునా లేచిన హోటళ్ళలో, కాలు జారినవాళ్ళు గుట్టుగా లేవరు. "పడ్డానహో! ఇక్కడే పడ్డాను!" అని గట్టిగా అరుస్తారు. ఎంత యజమానైనా అరవాల్సిందే. తుడిచి, బూడిద చల్లి, ఆరిందాకా గిన్నె పట్టుకుని ఎవరూ అటు రారు. పడ్డది మగాడైనా, ఆడదైనా, పేరేదైనా సరే, చెయ్యందించి లేపుతూ అందరూ ఒకటే మాటంటారు.

"నీ తప్పు కాదు నూకాలూ."