పడుడు నేర్చిన ఎద్దు

ఒక్కసారన్న గెలిచిండా అంటవా? లేదు బిడ్డా. ఈరయ్యనేటి ఎద్దు ఒక్కనాడు గెలువలే. పదకొండేండ్లు, శుక్రారం శుక్రారం, రాళ్ళగుట్ట కింద ఎర్రమట్టి కుస్తీ గోదాల దిగుడు, వజీరు చేతిల పడుడు. గదే ఆయన పని.

వజీరంటే అసుంటిసుంటి దున్నపోతా? నూనె రాసినట్టు నిగనిగలాడే ఒళ్ళు. మెడ ఊపుకుంట, మట్టి ఎగదన్నుకుంట వస్తుంటే మేకలు, బర్రెలు, కోళ్ళు అన్ని ఒక్కటే గోల. ఈరయ్య డొక్క కింద కొమ్ములు వెట్టి, మెడ తిప్పి, లేపి కొడితే గుట్ట కదిలినట్టు సప్పుడు. దానికే వజీరు పట్టు అని పేరు. గుట్ట మీద రాళ్ళ నడుమ తోడేళ్ళు కూసోని అంత సూసేటియి. సూసి తోకలు ముడుసుకునేటియి. పదకొండేండ్లు ఒక్క పిల్లను ముట్టలే. మంద బతికింది ఆ సప్పుడు మీదనే.

గసుంటి వజీరు సోమారం పొద్దుగాల లేవలే. ముసలితనం, ఇంకేం లే. ఈరయ్య గడ్డి ముట్టలే. జోడు పోయినోనికి మేత సయిస్తదా? ఒట్టి గోదా పక్కపొంటి నిలవడి మట్టి వాసన సూసుకుంట ఉండె.

బేస్తారం నాడు మందల పెద్దమనిషి, మేక పోచక్క, మెల్లగ దగ్గరికొచ్చింది.

"ఏడువు ఈరన్నా, నేనొద్దంటలే. గని రేపు శుక్రారం. గుట్ట మీదోళ్ళు సూస్తరు. గోదాల ఎవరు దిగుతరు?"

"నాకు పడుడే వచ్చు పోచక్కా. లేపుడు రాదు."

"నీకు రాకుంటే ఇంకెవలకొస్తది? నా పిల్లలు రెండు ఇంక నిలవడుడే నేర్వలే."

ఈరయ్య గోదా దిక్కు మెడ తిప్పిండు.

గుట్ట మీద ఇంకో ముచ్చట నడుస్తుండె. సాంబడని ఒక నక్క. వజీరు ఉన్నన్ని దినాలు గోదా గట్టెక్కి "వచ్చిండొచ్చిండు వజీరు!" అని ఒర్రినోడు వాడే. ఓడ దాటెదాక ఓడమల్లన్న. ఇప్పుడు తోడేళ్ళ పెద్ద ముంగట తోక ఊపుతుండు.

"దొరా, పైన పటారం లోన లొటారం. అంత ఉత్త ఆట! పదకొండేండ్లు పడ్డడు గద ఈరిగాడు, ఒక్క బొక్కన్న ఇరిగిందా? పడుతడు, లేస్తడు, పోయి గడ్డి తింటడు. మెత్తటి మట్టి, మెత్తటి దెబ్బ. దిగుండ్రి, తినుండ్రి. నాకింత పేగు పడేస్తే సాలు."

తోడేళ్ళ పెద్ద కండ్లు సన్నగ జేసిండు. "నిజమేనారా?"

"నా తోక మీద ఒట్టు."

"నీ తోక నాకెందుకు? రేపు గోదాల నువ్వే దిగు. ఆ ఎద్దుతోని వజీరు పట్టు ఏయించుకో. లేచి గుట్టెక్కినవా, మేం దిగుతం. లేవలేదా, మేం మా తొవ్వ వడతం."

సాంబడు తోక ఊపుడు ఆపిండు. మళ్ళ లోపట్లోపట నవ్వుకున్నడు. ఈరయ్యకు ఇరగని బొక్క నాకెందుకు ఇరుగుతది అనుకున్నడు.

శుక్రారం పొద్దు వాలింది. తోడేళ్ళు సగం గుట్ట దిగొచ్చి కూసున్నయి. మంద ఒక్కకాడ ముద్దగ జేరింది. పోచక్క పిల్లలకు అడ్డం నిలవడ్డది.

"ఏం మామా," గోదాల ఒళ్ళు ఇరుసుకుంట అన్నడు సాంబడు, "సచ్చినోని కండ్లు సారెడంట. మీ వజీరు గొప్పంత గట్లనే. రా, ఎయ్యి, సూద్దాం. నేను లేచి గుట్టెక్కితే దొరలు దిగుతరు."

ఈరయ్య దిగిండు. కాడి మోసిన మెడ, తిరుగుతదో తిరగదో. ఒక్క తీరు తప్పిందా, ఆ ఇరవై తోడేళ్ళు పిల్లల మీద వడతయి. ఎట్ల లేపాలె? తల్సుకుంటే తెలుస్తలేదు. గని ఆయన డొక్కలకు తెలుసు. ముందుగాల వజీరు కుడికొమ్ము వచ్చేది, పక్కటెముకకు బెత్తెడు కిందికి. ఎనుక ఎడమకొమ్ము. అప్పుడు మెడ పొద్దు దిక్కుకు తిరిగేది.

ఇంకోటి గూడ యాదికొచ్చింది. గోదాల దిగిన మొదటి దినం వజీరు చెప్పిన మాట. "దెబ్బ అబద్ధం గాదురా ఈరిగా. లేపేముందు నీ చెవుల ఊదుత. ఊదంగనే ఊపిరంత ఇడువు, కాళ్ళు ముడువు, భుజం మీద పడు. పగోడైనా సరే, చెవుల ఊదకుంట ఎవ్వల్నీ ఎత్తొద్దు." ఆ పడుడు నేర్వనీకే ఈరయ్యకు రెండేండ్లు పట్టింది.

ఊదకుంటే ఎవలడుగుతరు? నక్కనాయె, మందను తోడేళ్ళకు అమ్మినోడాయె.

అయినా ఈరయ్య వంగి, సాంబని చెవుల ఊదిండు. "ఊపిరి ఇడువురా. ఒళ్ళు వదులు జెయ్యి."

"భయమైతుందా మామా? బతిలాడుతున్నవా?" కిసకిస నవ్వి, సాంబడు రొమ్ము ఉబ్బిచ్చి, నాలుగు కాళ్ళు గుంజలోలె బిగవట్టిండు.

కుడికొమ్ము. ఎడమకొమ్ము. మెడ తిరిగింది.

ఎండుకట్టె ఇరిగినట్టు సప్పుడైంది.

సాంబడు ముంగటి కాళ్ళ మీద లేవజూసిండు. ఎనుక కాళ్ళు రాలే. "దొరా... దొరా, నిజంగనే..."

తోడేళ్ళ పెద్ద వాని దిక్కు సూడనే లేదు. ఎద్దునే సూస్తుండు.

"గీ దెబ్బ పదకొండేండ్లు తిన్నవా?"

"వారానికొకటి."

"తిని?"

"పోయి గడ్డి మేసేటోన్ని."

తోడేళ్ళ పెద్ద ఒక్క అడుగు ఎనుకకేసిండు. నెమరేస్తున్న బర్రెలను ఒక్కొక్కదాన్ని సూసుకుంట పోయిండు. "ఓడినోడే గిట్లుంటే..." అన్నడు, మాట మింగిండు.

"ఇంకెవలన్న దిగుతరా దొరా?" పోచక్క అడిగింది. "పొద్దు ఇంక ఉన్నది."

తోడేళ్ళు ఒక్కొక్కటి ఎనుకకు మర్లి గుట్టెక్కినయి.

ఈరయ్య గోదాలనే నిలవడ్డడు. మెడ సలుపుతుంది. వజీరు ఉంటే "ఇంక జర తిప్పాలెరా" అనేటోడు. ఆ మాట అనేటోడు లేడు. గప్పుడు, ఐదు దినాలకు, వంగి ఇన్ని గడ్డిపోసలు నోట్ల వెట్టుకున్నడు.

కొట్టినోన్ని సూసి లోకం మురుస్తది గని బిడ్డా, పడుడు నేర్చినోని ఒంట్లనే ఆ ఇద్దె నిలుస్తది.

తెల్లారెటాలకు గుట్ట మీద తోడేళ్ళు లెవ్వు. గోదాల పడ్డ సాంబడు గూడ లేడు; మట్టి మీద గుట్ట దిక్కు ఈడ్చుకపోయిన గీత ఉన్నది.