దివానుగారి చేతిలో స్టీరింగు

రేగుపాలెం జమీందారుగారి జీపు కొండదారిలో గతుకు ఎక్కగానే స్టీరింగు గడగడా వణికి, బండి లోయ అంచుకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు పైడయ్య బ్రేకు తొక్కి పట్టుకున్నాడు.

వెనక సీట్లోంచి దివాను సోమయాజులు గుడ్లురిమాడు. "బండికేం లోపం లేదు ప్రభూ! నిన్న స్టీరింగు వణుకుతోందని వీడు మొరపెడితే చక్రాలు పైకెత్తించి నేనే ఊపి చూశాను. కల్లు తాగి వీడి చేతులే వణుకుతున్నాయి!"

ముందు సీట్లో ఉన్న జమీందారు కొరడా అందుకున్నాడు.

పైడయ్య బండి దిగి దణ్ణం పెట్టాడు. "కొట్టండి బాబూ. ముందు దివానుగారిని నా సీట్లో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పమనండి. తవరు ముందు చక్రాల్ని తిప్పే ఈ కడ్డీ చివర, బోల్టు మీద చెయ్యి పెట్టి చూడండి."

దివాను తిప్పినప్పుడల్లా జమీందారు చేతికింద బోల్టు టకటకా కొట్టుకుంది.

"చక్రాలు గాల్లో ఉంటే ఈ వదులు తెలీదు బాబూ, బరువు మోస్తేనే తెలుస్తాది. ఇప్పుడు స్టీరింగు నా చేతిలో లేదు. కల్లు తాగిందెవరో తవరే సెలవియ్యండి."

జమీందారు కొరడా పక్కన పడేసి, పానా తీసి పైడయ్య చేతికిచ్చాడు. దివాను మెల్లగా కాలు కిందపెట్టబోయాడు.

"దిగకండి దివానుగారూ," అన్నాడు జమీందారు. "బోల్టు బిగిశాక ఈ లోయ దాటేదాకా బండి మీరే నడపాలి. మీ చేతులు వణకవుగా!"