ఊగని మధ్యమం

విజయనగరంలో పాట నేర్చుకుని వియన్నా నగరానికి వలస వెళ్ళిన నృసింహం మంచి సంగీతకర్తే గాని, ఎదుటివాడు మెచ్చుకుంటాడంటే చాలు, దేన్నయినా వదిలేసుకునేవాడు.

అక్కడి వాద్యబృందాలు కాగితం మీద ఏ స్వరం ఉంటే ఆ స్వరమే వాయిస్తాయి. నృసింహం మొదట్లో మన గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపే ఊపులన్నీ, వంకర గీతలు గీసి మరీ రాసేవాడు. బృందం నాయకుడు చూసి, "అద్భుతం! కాకపోతే ఈ మెలికలు మావాళ్ళకు పలకవు. తీసేద్దామా?" అన్నాడు.

"దానికేం భాగ్యం!" అన్నాడు నృసింహం.

ఆ ఏడు రెండు తీశాడు. మరుసటేడు నాలుగు తీశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే తీసేసేవాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టేది. ఆ మురిపెంలో సాధన మానేశాడు. కూర్చుని తింటే కొండలే తరుగుతాయి, గమకాలెంత?

ఇరవై ఏళ్ళ తర్వాత గురువు కామేశ్వరమ్మ గారు మంచాన పడ్డారు. ఆవిడ కూతురు సుభద్ర ఫోను చేసింది.

"అన్నయ్యా, అమ్మకు చూపు పోయింది. మనుషుల్ని గొంతు బట్టే పోల్చుకుంటోంది. నీ బేగడ వినాలని మూడు రోజులుగా ఒకటే కలవరింత. ఫోను చెవి దగ్గర పెడతాను, పాడు."

బేగడ రాగానికి ప్రాణం మధ్యమంలో ఉందని, చిన్నప్పుడు ఒక వానాకాలమంతా ఆవిడ అతనిచేత ఆ ఒక్క స్వరమే పాడించారు. నృసింహం ధీమాగా అందుకున్నాడు. మధ్యమం కర్రలా నిలబడింది. మళ్ళీ పాడాడు. ఊగలేదు. ఎలా ఊగాలో చెవికి తెలుసు, గొంతు మాత్రం కదలనంది.

"ఎవరు నాయనా మీరు?" అన్నారావిడ నెమ్మదిగా.

"నేనేనమ్మా, మీ నృసింహాన్ని!"

"పోనీలెండి. ముసలిదాన్ని ఊరడించాలని పాడారు. మావాడి మధ్యమం నాకు తెలీదూ?" అని, కూతురితో, "వాడు దొరికితే చెప్పవే, ఇంకా ఎదురు చూస్తున్నానని" అన్నారు.

నృసింహం ఫోను పట్టుకుని భోరున ఏడ్చాడు. ఆ ఏడుపునూ ఆవిడ పోల్చుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పోయారు.

తర్వాత ఏడాదిపాటు అతను ఆ ఒక్క స్వరమే సాధన చేశాడు. మధ్యమం మళ్ళీ ఊగింది. వినవలసిన మనిషి మాత్రం లేదు.

మెప్పు కోసం కొంచెం కొంచెంగా వదులుకున్న విద్య, అక్కరపడిన వేళకు పిలిచినా పలకదు.