కొట్టేసిన మాట

“సొంత బాధ ఉన్న పిల్లకి పరాయి మాటలు ఎందుకివ్వాలి మాస్టారూ?” అని హైమవతి అడిగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

విజయనగరంలో ఒక మేడమీది రెండు గదుల్లో నరహరి మాస్టారు నటన నేర్పేవారు. నలభై ఏళ్ళు నాటకాలు ఆడి, ఆడించిన మనిషి. డెబ్బై దాటినా రోజూ పొద్దున్నే పిల్లల చేత గట్టిగా చదివించేవారు. హైమవతి ఆయన శిష్యురాలు. చిన్న తరగతి ఆవిడే చూసుకునేది. నేను బడిలో తెలుగు చెబుతూ, ఆదివారాలు వచ్చి పిల్లల ఉచ్చారణ దిద్దేవాణ్ణి.

ఆ వారం హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు కబురు చేశారు. పదిహేనేళ్ళ అమ్మాయి కావాలట. ఎవరికి నచ్చిన ముక్క వాళ్ళు ఎంచుకుని, కెమెరా ముందు రెండు నిమిషాలు చెప్పి వీడియో పంపాలి. మా దగ్గర ఆ వయసు పిల్ల జ్యోత్స్న ఒక్కతే. వాళ్ళ నాన్న కరెంటు లైన్‌మన్. కిందటేడు స్తంభం మీద పని చేస్తూ షాకు కొట్టి పోయాడు. హైమవతి ఆ పిల్లని కూర్చోబెట్టుకుని ఆనాటి సంగతంతా అడిగి తెలుసుకుంది. దాన్నే కూతురు తండ్రితో మాట్లాడుతున్నట్టు రెండు పేజీల మోనోలాగ్‌గా రాసి తెచ్చింది. “దీనికి ఏడుపు నేర్పక్కర్లేదండి. దానంతటదే వస్తుంది” అంది.

మాస్టారు రెండు పేజీలూ చదివారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. “ఇందులో వాళ్ళ నాన్న అన్న మాటలేవి? నువ్వు రాసినవేవి?” అని అడిగారు.

“రెండూ కలిసిపోయాయండి. అందుకే అంత బాగా వచ్చింది.”

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. తర్వాత చెప్పినదాన్ని, నాకు గుర్తున్నంతవరకు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

“నువ్వు రాకముందు మంజులవాణి అని ఒక పిల్ల ఉండేదమ్మా. పదహారేళ్ళది. తల్లి అప్పలనర్సమ్మ జనపనార మిల్లులో పనిచేసేది. చిట్టిబాబని తొమ్మిదేళ్ళ తమ్ముడు. వాడికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. తల్లి షిఫ్టు దిగి పరుగెత్తుకొచ్చేసరికే అయిపోయింది. ఆఖరున పక్కనున్నది అక్క ఒక్కతే.

“మరుసటేడు ఒక సినిమాకి పిల్లల్ని చూస్తున్నారని తెలిసి, నేనూ నీలాగే ఆలోచించాను. మంజులని కూర్చోబెట్టి అడిగాను. కన్నతల్లికి కూడా చెప్పుకోనిది ఆ పిల్ల నాకు చెప్పింది. పోయేముందు తమ్ముడేమన్నాడో కూడా చెప్పింది. అదేదో చిన్న మాట. ఏదో వస్తువు గురించి అడిగాడు. రాసేటప్పుడు అది నా కంటికి ఆనలేదు. చూసేవాళ్ళ గుండె పట్టెయ్యాలి కదా అని దాన్ని కొట్టేసి, ‘అక్కా, అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది’ అని రాశాను. పిల్ల కాగితం చూసి, ‘వాడలా అనలేదండీ’ అంది. ‘అనలేదు తల్లీ, కానీ ఇలా ఉంటే బావుంటుంది’ అన్నాను. నేను గురువుని కదా, సరేనంది.

“ఆ ఆడిషన్‌లో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, కెమెరా పట్టుకున్నవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. వేషం దొరికింది. ఆ తరవాత ఎక్కడికెళ్ళినా అదే ముక్క. ఒకచోట చూసినవాళ్ళు ఇంకోచోట చెప్పేవారు. ‘ఆ తమ్ముడి ముక్క చెయ్యమ్మా’ అని అడిగి మరీ చేయించుకునేవారు. సరిగ్గా ఆ మాట దగ్గరే కన్నీరు వచ్చేది. నేను పక్కన కూర్చుని పొంగిపోయేవాణ్ణి.

“నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం మంజుల ఇక్కడికే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ‘మొన్న తమ్ముడు పోయిన రోజండీ. అమ్మ వాడికిష్టమని బూరెలు చేసింది. ఇన్నేళ్ళూ అడగడానికి ధైర్యం చాలలేదేమో, మొన్ననే మొదటిసారి అడిగింది, పోయేముందు ఆడేటన్నాడే అని. నేను వెంటనే చెప్పేశాను, అమ్మకి చెప్పకు ఏడుస్తుంది అన్నాడని. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది, నా కొడుకు ఆఖరికి నన్నే తలుచుకున్నాడని. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు అనుమానమొచ్చింది మాస్టారూ. అది వాడన్నదా, మీరు రాసిందా?’

“నేను రాసిందేనన్నాను.

“‘మరి వాడేమన్నాడు?’

“చెబుదామని నోరు తెరిచానమ్మా. ఎంత తడుముకున్నా గుర్తుకు రాలేదు. పాత కాగితాలన్నీ కింద పోసి వెతికితే చిత్తుప్రతి దొరికింది. కానీ కొట్టేసినది కనబడకుండా గీత మీద గీత గీసెయ్యడం నా అలవాటు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి ఇద్దరం చూశాం. ఒక్క అక్షరం కూడా తేలలేదు. ‘విన్నదాన్ని నేనే కదా’ అంది ఆ పిల్ల. మళ్ళీ తనే, ‘ఇప్పుడు వాడి గొంతు తలుచుకుంటే నా గొంతే వినిపిస్తోంది మాస్టారూ’ అంది.

“తప్పు నాది. తల్లికి నేనే చెప్పాలనుకున్నాను. మిల్లుకి సెలవు రోజు చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పలనర్సమ్మ కుర్చీ వేసి, టీ పెట్టి ఇచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అంతా విని, ‘పోన్లెండి బాబూ. పిల్ల పైకి రావాలనే కదా రాసినారు’ అంది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ‘మరి నా కొడుకు ఏటన్నాడు బాబూ?’ అని అడిగింది.

“ఆవిడ నా ముఖంలోకే చూస్తూ ఆగింది. చెబుతాననే అనుకుంది. చివరికి తనే, ‘టీ సల్లారిపోతాది, తాగండి’ అంది. తాగాను. తాగకపోతే ఇంకా నొచ్చుకుంటుందని తాగాను.

“మంజుల ఆ ముక్క మళ్ళీ ఎక్కడా చెయ్యలేదు. ఇప్పుడు సీరియళ్ళలో తల్లి వేషాలు వేస్తోంది. ఈ ఊరు వచ్చినప్పుడల్లా వచ్చి కాళ్ళకి దండం పెడుతుంది. ఆ సంగతి మాత్రం తనూ ఎత్తదు, నేనూ ఎత్తను.”

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పక్క గదిలో జ్యోత్స్న మిగతా పిల్లలతో కలిసి ఒత్తులు పలకడం సాధన చేస్తోంది. మధ్యలో ఎవరో తప్పు పలికితే అందరితోపాటు ఆ పిల్లా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మాకు స్పష్టంగా వినిపించింది.

హైమవతి తన రెండు పేజీలనూ ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదు. “ఒక్క మాట కూడా మార్చకుండా, ఉన్నది ఉన్నట్టే రాస్తేనో మాస్టారూ?” అంది.

“ఎన్నిసార్లు చెప్పిస్తావు?”

“కుదిరేదాకా.”

హైమవతి తలవంచుకుని మళ్ళీ చదువుకుంది. ఒకచోట వేలు పెట్టి ఆగింది. అది ఎవరి మాటో తనకే తెలియక ఆగినట్టు నాకనిపించింది. కాసేపటికి కాగితాలు మడిచి పట్టుకుని, “రేపే వీడియో తీయాలి. మరి ఈ పిల్లకి ఏమివ్వమంటారు?” అని అడిగింది.

“ఎవరో రాసిన దుఃఖం ఇవ్వమ్మా. అది చెడిపోతే ఇంకొకటి రాసుకోవచ్చు” అన్నారు మాస్టారు.