సగం గీసిన గడ్డం

రేవుపట్నానికి వచ్చే వర్తకులకు ఏ వీధిలో ఏ సరుకు దొరుకుతుందో కోటగోడ మీద బొమ్మ వేసి చూపించడం చిత్రకారుడు బొల్లయ్య పని. దసరాకి రాజుగారు చూడ్డానికొచ్చేలోపు అది పూర్తికాకపోతే కొలువు ఊడిపోతుంది. కానీ పూర్తికానిస్తేగా! ఓడలోంచి ఏ కొత్త పనిముట్టు దిగినా పైఅధికారి పేరంరాజు దాన్ని చంకనేసుకుని వచ్చేవాడు. మొన్న ఉడుత వెంట్రుకల కుంచె, ఇవాళ గీతలు దానంతటదే గీసే చక్రం. ప్రతిసారీ ఒకటే మాట: "పాతది చెరిపెయ్. దీంతో మొదట్నుంచీ వెయ్."

"మన వీధులన్నీ వంకరే అయ్యగారూ, ఈ చక్రం తిన్నగా తప్ప గీయదు," అంటే, "నీకు కొత్తదంటే భయంరా," అనేవాడు.

బొల్లయ్యకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి మంగలి గురవయ్య చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు రాజుగారి విందుకు బయల్దేరబోతూ, పేరంరాజు ఆ గోడ ఎదురుగానే క్షౌరానికి కూర్చున్నాడు. ఒక చెంప గీసి గురవయ్య కత్తి మడిచేశాడు.

"ఓడలో కొత్తరకం కత్తి వస్తోందట అయ్యగారూ. ఈ గడ్డం మళ్ళీ పెరగనివ్వండి. దాంతో మొదట్నుంచీ గీస్తాను."

"విందుకి వేళవుతోందిరా! కొత్త కత్తీ గిత్తీ ఏమీ వద్దు! చేతిలో ఉన్నదాంతో మొదలెట్టిన పని ముందు పూర్తిచెయ్!" పేరంరాజు కేకకు వీధంతా తిరిగి చూసింది.

"చిత్తం అయ్యగారూ!" గోడ దగ్గర్నుంచి బొల్లయ్య వంగి దండం పెట్టాడు. "ఇంతమంది ముందు ఆజ్ఞ ఇచ్చారు, దాటుతానా?" అంటూ పాత కుంచె రంగులో ముంచాడు.

పేరంరాజు ఏదో అనబోయాడు. గురవయ్య చేతిలో కత్తి ఇంకా మడిచే ఉంది. నోరు మూసుకుని రెండో చెంప చూపించాడు.