నోరు పెగలని మొగుడు

అనగనగా, బుట్టలల్లుకునేవాళ్ళుండే ఒక ఏటి ఒడ్డు ఊళ్ళో గౌరయ్యని ఒకడుండేవాడే తల్లీ. వాడి పెళ్ళాం సన్యాసమ్మ. అతను వెదురు చీల్చి బద్దలు తీస్తే, ఆమె బుట్టలూ చేటలూ అల్లేది. అతను తాగడు, కొట్టడు, పనికి వెనకాడడు. కానీ అదే ఇంట్లో ఉండే వాళ్ళన్న పోలయ్య ఎదట మాత్రం నోరు పెగలదు.

కాపరానికొచ్చిన కొత్తలో, కూర కారమైందని పోలయ్య కంచం విసిరికొట్టాడు. గౌరయ్య తలొంచుకుని తన అన్నం తాను తిన్నాడు. సన్యాసమ్మ కిందపడ్డ మెతుకులు ఏరింది.

ఆ తర్వాత ఒకనాడు సంతలో, నలుగురి ముందూ, "ఇంట్లో బియ్యం పుట్టింటికి చేరేస్తోంది" అని పోలయ్య ఆమెని దొంగని చేశాడు. అప్పుడూ గౌరయ్య బుట్టలు కట్ట కట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత వాళ్ళ రెండేళ్ళ పిల్ల నీలాలుకి జ్వరమొచ్చింది. "బండి కట్టండి, పట్నంలో డాక్టరుకి చూపిద్దాం" అని సన్యాసమ్మ కాళ్ళావేళ్ళా పడింది. బండి పోలయ్యది. "తాయెత్తు కట్టాం కదా, తగ్గుతుందిలే" అన్నాడు పోలయ్య. గౌరయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, అంతే. మూడోనాటికి పిల్ల పోయింది.

అప్పుడు సన్యాసమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా గౌరయ్య వెళ్ళి ఆ వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?" అంది.

"మా అన్నంటే నాకు భయం. చిన్నప్పట్నించీ అంతే. ఇకమీదట ఉండదని నీకు అబద్ధం చెప్పలేను."

ఆమెకి అసహ్యం వేసింది, ఏడుపూ వచ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "వేరే పాక వెయ్యి, వస్తాను. పిల్లల సంగతిలో మాట నాదే. నువ్వు నా వెనక నడిస్తే చాలు" అంది.

పాక వేశాడు. ఆ తర్వాత కొడుకు పుట్టాడు. ఒక వానాకాలం వాడికీ జ్వరం కాసింది. ఈసారి ఆమె ఎవర్నీ అడగలేదు. వాణ్ణి భుజాన వేసుకుని బురదలో పట్నం దారి పట్టింది. గౌరయ్య తాటాకు గొడుగు పట్టుకుని వెనకే నడిచాడు. పోలయ్య అడ్డమొచ్చి అరిచాడు. గౌరయ్య బదులు చెప్పలేదు, ఆగనూ లేదు. పిల్లాడు బతికాడు.

అలా నలభై ఏళ్ళు కాపరం చేశారు. ఏటా నీలాలు పోయిన రోజున ఆమె పొయ్యి వెలిగించేది కాదు. ఎందుకని అతను అడిగేవాడు కాదు. ఇద్దరూ పస్తే.

క్షమించిందా అంటావా? లేదే బంగారం. అతను మంచాన పడితే జావ కాచి తాగించింది. క్షమించడం మాత్రం చివరిదాకా ఆమె వల్ల కాలేదు.

కథ సాగిపోయింది కంచి దారికి,
కళ్ళు మూసుకో తల్లీ, మనం నిద్ర దరికి.